శంకువు నీడ నుండి టాంజెంటు దాకా

ఉన్నత పాఠశాలలో త్రికోణమితి మొదలైన కొద్ది రోజులకే మన పిల్లల నోట మూడు మాటలు నలుగుతాయి: సైన్, కొసైన్, టాంజెంట్. లంబకోణ త్రిభుజంలో ఒక కోణానికి ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే వచ్చేది టాంజెంట్ అని ఉపాధ్యాయులు చెబుతారు. కాల్కులేటర్ మీట నొక్కితే విలువ కనిపిస్తుంది. పరీక్షకు అంతే చాలు.

ఇంట్లో గోడకు మరొక లోకం వేలాడుతూ ఉంటుంది. అది పంచాంగం. తిథి, నక్షత్రం, రాహుకాలం, దుర్ముహూర్తం, సూర్యోదయం అందులో ఉంటాయి. పాఠశాలలోని టాంజెంటుకూ గోడ మీది పంచాంగానికీ ఏ సంబంధమూ లేదనే మన పిల్లలు అనుకుంటారు. చాలామంది పెద్దల భావన కూడా అదే. నిజానికి పంచాంగ గణితంలో టాంజెంటుకు చాలా పాత పేరు ఒకటి ఉంది. దాన్ని ‘పలభ’ అంటారు. ఒక ఊరిలో ఒకానొక రోజు మిట్టమధ్యాహ్నం నేల మీద పడే నీడ కొలత అది. ఆ నీడ ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతుల మీదుగా నేటి పాఠ్యపుస్తకంలోకి వచ్చింది, అందులో మన వాటా ఎంత, ఇతరుల వాటా ఎంత అన్నదే ఈ వ్యాసం.

శంకుస్థాపనలోని శంకువు

దేవాలయం కట్టేటప్పుడు, ఇల్లు కట్టేటప్పుడు మనం శంకుస్థాపన చేస్తాము. ఆహ్వాన పత్రికలలో ఎన్నోసార్లు చదివిన మాటే అయినా, అందులోని శంకువు ఏమిటని ఆలోచించేవారు తక్కువ. నేటి పాఠ్యపుస్తకాలలో శంకువు అంటే గుండ్రని అడుగు, మొనదేలిన కొస ఉన్న ఘనాకృతి. పూర్వం శంకువు అంటే నేలలో నిలువుగా పాతిన మేకు, కొయ్య. దాన్ని పాతింది మొదట దిక్కులు తెలుసుకోవడానికి.

పద్ధతి సులువు. చదునైన నేల మధ్య శంకువును నిటారుగా నిలిపి, దాని చుట్టూ ఒక వృత్తం గీస్తారు. ఉదయం నీడ పొడవుగా ఉండి వృత్తం దాటి పడుతుంది. పొద్దెక్కేకొద్దీ పొట్టిదై, ఒక క్షణంలో నీడ కొస వృత్తాన్ని తాకి లోపలికి వస్తుంది. ఆ చోట గుర్తు పెడతారు. మధ్యాహ్నం తరువాత నీడ మళ్ళీ సాగి, మరొకచోట వృత్తాన్ని దాటి బయటికి పోతుంది. అక్కడ రెండో గుర్తు. ఈ రెండు గుర్తులనూ కలిపిన గీత తూర్పు పడమరలు చూపుతుంది. దానికి లంబంగా గీసినది ఉత్తర దక్షిణాలను చూపుతుంది. ఇందుకు అయస్కాంతపు సూది అక్కరలేదు, ఎండ ఉంటే చాలు.

సూర్యసిద్ధాంతంలో మూడో అధికారం పేరు త్రిప్రశ్నాధికారం. మూడు ప్రశ్నలు అంటే దిక్కు, దేశం, కాలం. మనం ఎటు తిరిగి ఉన్నాం, ఏ చోట ఉన్నాం, ఇప్పుడు వేళ ఎంత? ఈ మూడింటికీ సమాధానం చెప్పే పరికరం ఒక్కటే, పన్నెండు అంగుళాల శంకువు. సిద్ధాంత గ్రంథాలలో శంకువు ఎత్తును 12 అంగుళాలుగా తీసుకోవడం స్థిరమైన ఆచారం. ఇక్కడి అంగుళం వేలి వెడల్పు నుండి వచ్చిన కొలత. నేడు మనం ఇంచిని కూడా అంగుళమే అంటున్నాము. లెక్కకు ఈ తేడా అడ్డు రాదు. శంకువునూ నీడనూ ఒకే కొలతతో కొలిస్తే నిష్పత్తి మారదు.

దిక్కుకు వృత్తం చాలు. రెండో ప్రశ్న అయిన ‘దేశం’ దగ్గర టాంజెంటు ప్రవేశిస్తుంది.

పలభ: ఊరికొక నీడ

ఏడాదిలో రెండు రోజులు పగలు, రాత్రి ఇంచుమించు సమానంగా ఉంటాయి. మార్చి 20 ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు 22 ప్రాంతంలో రెండవది. వీటిని విషువద్దినాలు అంటారు. ఆ రోజు మధ్యాహ్నం భూమధ్యరేఖ మీద నిలుచున్న మనిషికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. శంకువుకు నీడే ఉండదు. అక్కడి నుండి ఉత్తరంగా ప్రయాణిస్తే సూర్యుడు దక్షిణానికి వాలుతున్నట్లు కనిపిస్తాడు. ఎన్ని అంశలు ఉత్తరానికి వెళితే అన్ని అంశలే వాలుతాడు. అంటే ఆ మధ్యాహ్నం నడినెత్తి నుండి సూర్యుని వాలు ఎంతో, ఆ ఊరి అక్షాంశం అంతే.

ఇప్పుడు శంకువును ఒక భుజంగా, నేల మీది నీడను రెండో భుజంగా, శంకువు కొస నుండి నీడ కొసకు వచ్చే కిరణాన్ని కర్ణంగా ఊహించండి. అది లంబకోణ త్రిభుజం. శంకువు కొస దగ్గర ఏర్పడే కోణం ఆ ఊరి అక్షాంశం. ఆ కోణానికి ఎదుటి భుజం నీడ, ఆసన్న భుజం శంకువు. కాబట్టి నీడను పన్నెండుతో భాగిస్తే వచ్చేది అక్షాంశపు టాంజెంటు. విషువద్దినం నాటి ఈ మధ్యాహ్నపు నీడనే పలభ, అక్షభ, విషువచ్ఛాయ అని మన జ్యోతిష్కులు పిలిచారు.

ప్రతి ఊరికీ తనదైన పలభ ఉంటుంది. తిరుపతిలో అది దాదాపు 2.9 అంగుళాలు, విజయవాడలో 3.6, హైదరాబాదులో 3.75, విశాఖపట్నంలో 3.8. తెలుగునాట దక్షిణం నుండి ఉత్తరానికి వెళ్తే నీడ ఒక్క అంగుళం పైచిలుకు పెరుగుతుంది. సముద్రం దాటితే అంతరం ఎక్కువ. దుబాయిలో 5.6, హ్యూస్టనులో 6.9, డల్లాసులో 7.7, మన చికాగోలో 10.8, లండనులో 15. కౌలాలంపూరులో ముప్పాతిక అంగుళమైనా ఉండదు. పందొమ్మిదో శతాబ్దిలో తెలుగు కూలీలు ఓడలెక్కి వెళ్ళిన మారిషస్‌లోనూ, దక్షిణాఫ్రికాలోని డర్బనులోనూ నీడ దిక్కే మారుతుంది. మారిషస్‌లో 4.4 అంగుళాలు, డర్బనులో 6.9 అంగుళాలు ఉండే ఆ నీడ ఉత్తరానికి బదులు దక్షిణానికి పడుతుంది. భూమధ్యరేఖను దాటిన మనిషికి సూర్యుడు ఉత్తరాన కనిపించడమే దీనికి కారణం.

ఈ అంకెలలో టాంజెంటు స్వభావమంతా ఉంది. సున్న అంశల దగ్గర అది సున్న. మొదట మెల్లగా పెరుగుతుంది. 45 అంశల దగ్గర సరిగ్గా ఒకటి అవుతుంది, అంటే నీడ శంకువంత పొడవు. ఆ తరువాత వేగం అందుకుంటుంది. 60 అంశల దగ్గర 1.732. ధ్రువానికి చేరువయ్యేకొద్దీ నీడకు అంతు ఉండదు. 90 అంశల టాంజెంటుకు విలువ లేదని కాల్కులేటరు ఎందుకు మొరాయిస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. ధ్రువం మీద ఆ రోజు సూర్యుడు క్షితిజం మీదనే ఉంటాడు. నీడ నేల మీద ఎక్కడా ముగియదు.

ఆర్యభటుని పట్టికతో చికాగో లెక్క

మీటలు లేని కాలంలో ఈ లెక్కలు ఎలా వేశారు? క్రీ.శ. 499లో తన వయస్సు ఇరవై మూడేళ్ళని చెప్పుకున్న ఆర్యభటుడు ఆర్యభటీయంలో జ్యల పట్టికను ఇచ్చాడు. జ్య అంటే వింటినారి. విల్లులాంటి చాపరేఖకు నారిలాంటి గీత. ఆయన వాడిన అర్ధజ్యయే నేటి సైన్. వృత్త పరిధిలోని 21,600 కళలకు సరిపడేట్లు వ్యాసార్ధాన్ని 3438గా తీసుకుని, ప్రతి 225 కళలకు, అంటే 3 అంశల 45 కళలకు, ఒక జ్య చొప్పున ఇరవైనాలుగు జ్యలు ఇచ్చాడు. ఆ వ్యాసార్ధానికి త్రిజ్య అని పేరు.

ఆ పట్టికలో టాంజెంటుకు వరుస లేదు. అయినా జ్యను కోటిజ్యతో, అంటే కొసైన్‌తో, భాగిస్తే టాంజెంటే వస్తుంది. ముప్పై అంశలకు జ్య 1719. దాని కోటిజ్య అరవై అంశల జ్య, అంటే 2978. భాగిస్తే 0.5772. నేటి విలువ 0.5774.

మన ఊరికే లెక్క వేసి చూద్దాము. చికాగో అక్షాంశం 41 అంశల 53 కళలు. పట్టికలో దానికి ముందున్నది 41 అంశల 15 కళలు. అక్కడి జ్య 2267. తరువాతది 45 అంశలు. అక్కడి జ్య 2431. తేడా 164. మనకు కావలసినది మొదటి దాని తరువాత 38 కళలు. 225 కళలకు 164 పెరిగితే 38 కళలకు ఎంత? త్రైరాశికం వేస్తే దాదాపు 28. కాబట్టి జ్య 2295. కోటిజ్య కోసం 90 నుండి తీసివేస్తే 48 అంశల 7 కళలు. ఇదే విధంగా వేస్తే 2559 వస్తుంది. 2295ను 2559తో భాగిస్తే 0.8968. దాన్ని 12తో గుణిస్తే 10.76 అంగుళాలు. పదిహేను వందల ఏళ్ళనాటి పట్టికతో నేటి చికాగో నీడ అంగుళంలో నూరో వంతుకు సరిపోయింది. తొమ్మిదో తరగతి చదివే పిల్లలు కాగితం మీద వేయగలిగిన లెక్క ఇది.

ఎదురు దిశలోనూ దారి ఉంది. హైదరాబాదులో విషువద్దినాన నీడ 3¾ అంగుళాలని కొలిచారనుకుందాము. నీడ వర్గానికి 144 కలిపి వర్గమూలం తీస్తే 12.57. దాన్ని పలకర్ణం అంటారు. నీడను త్రిజ్యతో గుణించి పలకర్ణంతో భాగిస్తే అక్షజ్య దాదాపు 1026 వస్తుంది. పట్టికలో 15 అంశలకు 890, 18 అంశల 45 కళలకు 1105. మధ్యలో త్రైరాశికం వేస్తే 17 అంశల 22 కళలు వస్తుంది. హైదరాబాదు అక్షాంశం 17 అంశల 23 కళలు. ఒక కొయ్య, ఒక కొలబద్ద, ఒక పట్టిక ఉంటే మనిషి భూగోళం మీద తన చోటు తెలుసుకోగలిగాడు.

నీడ లెక్కలు జ్యోతిష్కులకే పరిమితం కాలేదు. దీపస్తంభం ఎత్తు, శంకువుకూ స్తంభానికీ మధ్య దూరం తెలిస్తే నీడ ఎంతో చెప్పే సూత్రం ఆర్యభటీయం గణితపాదంలో ఉంది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, తొమ్మిదో శతాబ్దిలో మహావీరుడు రచించిన గణితసారసంగ్రహం ఛాయావ్యవహారంతోనే, అంటే నీడల లెక్కలతోనే, ముగుస్తుంది. ఆ గ్రంథాన్ని ఆధారం చేసుకుని పావులూరి మల్లన తెలుగు పద్యాలలో గణితం చెప్పాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా మల్లన కృతిని పేర్కొంటారు. ఆదికవుల కాలానికి దగ్గరలోనే మన భాష లెక్కలు చెప్పడానికి సిద్ధమైందన్నది పిల్లలకు చెప్పదగిన విషయం.

పేరు పెట్టింది ఎవరు?

ఇక్కడ ఒక ప్రశ్నను నిజాయితీగా ఎదుర్కోవాలి. “అయితే టాంజెంటును మనమే కనిపెట్టామా?” అని పిల్లలు అడుగుతారు. అవునని గర్వంగా చెప్పి ముగించడం సులువు. “అన్నీ మనవాళ్ళే చెప్పారంటారు” అని వెక్కిరించి ముగించడం అంతకంటే సులువు. రెండూ పిల్లలకు అన్యాయం చేస్తాయి.

మన సిద్ధాంతులు ఈ నిష్పత్తిని నిత్యం వాడారు. ఊరికొక పలభ కట్టారు. కానీ ప్రతి కోణానికీ నీడ ఎంతో చెప్పే ప్రత్యేకమైన పట్టికను, జ్యల పట్టికకు దీటుగా, సంప్రదాయంగా నిలుపుకోలేదు. వారికి ఆ అవసరం కనిపించకపోవడం ఒక కారణం కావచ్చు. శంకువు, నీడ, కర్ణం అనే త్రిభుజాన్ని పట్టుకుని జ్యలతోనే పని ముగించేవారు. ఊరికి పలభ ఒక్కటే. ఒకసారి తెలిస్తే చాలు.

ఎనిమిదో శతాబ్ది రెండో సగంలో భారతీయ జ్యోతిష గణితం బాగ్దాదు చేరింది. బ్రహ్మగుప్తుని సంప్రదాయానికి చెందిన గ్రంథం అక్కడ అరబ్బీలోకి మారింది. జ్య అన్న మాట అరబ్బీలో జీబ అయింది; అరబ్బీ లిపిలో అచ్చులు రాయకపోవడంతో దాన్ని జైబ్ అని చదివారు. జైబ్ అంటే వస్త్రపు మడత, ఒడి. లాటిన్‌లో ఆ అర్థానికి సైనస్ అన్నారు. పిల్లలు నేర్చే సైన్ ఇలా మన జ్యకు దూరపు మనవడు.

నీడ విషయంలో బాగ్దాదు పండితులు ఒక అడుగు ముందుకు వేశారు. ఇస్లాం ధర్మంలో సాయంకాలానికి ముందు చేసే అస్ర్ నమాజు వేళను నీడ పొడవును బట్టి నిర్ణయిస్తారు. అందువల్ల సూర్యుడు ఆకాశంలో ఏ ఎత్తున ఉన్నా నీడ ఎంతో తెలియవలసి వచ్చింది. తొమ్మిదో శతాబ్దిలో హబష్ అల్-హాసిబ్ నీడల పట్టికలను కట్టాడు. 929లో మరణించిన అల్-బత్తానీ పన్నెండు భాగాల శంకువుకే నీడల పట్టిక ఇచ్చాడు. వాళ్ళ మాట జిల్; దాని అర్థం కూడా నీడే. నిలువు శంకువు నేల మీద వేసే నీడ ఒకటి, గోడకు అడ్డంగా కొట్టిన మేకు గోడ మీద వేసే నీడ మరొకటి. సూర్యుని ఎత్తును బట్టి చూస్తే మొదటిది నేటి కోటాంజెంటు, రెండోది టాంజెంటు. పదో శతాబ్దిలో అబుల్ వఫా శంకువు పొడవును, వృత్త వ్యాసార్ధాన్ని ఒకటిగా తీసుకుంటే లెక్క ఎంత తేలికవుతుందో గుర్తించాడు. భారతదేశం గురించి గొప్ప గ్రంథం రాసిన అల్-బీరూనీ నీడల మీదనే ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు.

అక్కడి నుండి ఐరోపా. పదిహేనో శతాబ్దిలో జర్మన్ పండితుడు రెగియోమోంటానస్ టాంజెంటుల పట్టిక ఒకటి కట్టి, దాని ప్రయోజనాన్ని చూసి ‘ఫలవంతమైన పట్టిక’ అని పేరు పెట్టాడు. 1583లో డెన్మార్క్ దేశస్థుడైన థామస్ ఫింకె వృత్త రేఖాగణితం మీద తన పుస్తకంలో ‘టాంజెన్స్’ అన్న మాటను ప్రవేశపెట్టాడు. తాకునది అని దాని అర్థం. వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గర తాకి పోయే స్పర్శరేఖ మీద ఈ విలువను కొలవవచ్చు గనుక ఆ పేరు.

స్పర్శరేఖకూ నీడకూ సంబంధమేమిటి? శంకువు కొసను కేంద్రంగా, శంకువు ఎత్తును వ్యాసార్ధంగా పెట్టుకుని నిలువుగా ఒక వృత్తాన్ని ఊహించండి. ఆ వృత్తం శంకువు మొదలు దగ్గర నేలను తాకుతుంది. నేలే ఆ వృత్తానికి స్పర్శరేఖ. నీడ పడేది నేల మీదనే. కాబట్టి ఫింకె పేర్కొన్న స్పర్శరేఖ మీది తునక, మన పలభ, బాగ్దాదు జిల్ మూడూ ఒకే గీత. ఒకరు దాన్ని నీడగా చూసి పేరు పెట్టారు, మరొకరు వృత్తాన్ని తాకే రేఖగా చూసి పేరు పెట్టారు. ఈ బొమ్మ ఒక్కసారి కాగితం మీద గీసి చూపితే పిల్లలకు ‘టాన్’ అన్న మాట జీవితంలో మరిచిపోనంతగా తెలుస్తుంది.

నీడ నుండి కోణానికి: మాధవుని దారి

కథ బాగ్దాదు నుండి ఐరోపాకు పోయి అక్కడే ఆగలేదు. దాదాపు అదే కాలంలో కేరళలో మరొక అద్భుతం జరిగింది. పద్నాలుగో శతాబ్దిలో జన్మించిన సంగమగ్రామ మాధవుడు జ్యల పట్టిక చూడకుండానే నిష్పత్తి నుండి కోణాన్ని రాబట్టే మార్గం కనుగొన్నాడు. జ్యను త్రిజ్యతో గుణించి కోటిజ్యతో భాగించాలి. అది మొదటి పదం. దాన్ని జ్య వర్గంతో గుణించి కోటిజ్య వర్గంతో మళ్ళీ మళ్ళీ భాగిస్తూ పోవాలి. వచ్చిన వాటిని వరుసగా 1, 3, 5, 7 మొదలైన బేసి సంఖ్యలతో భాగించి, ఒకటి కలుపుతూ ఒకటి తీసివేస్తూ పోతే చాపం, అంటే కోణం, వస్తుంది.

హైదరాబాదు నీడనే మళ్ళీ తీసుకుందాము. 3¾ను 12తో భాగిస్తే 0.3125. త్రిజ్యతో గుణిస్తే మొదటి పదం 1074.4 కళలు. రెండోది 35, దాన్ని తీసివేయాలి. మూడోది 2, కలపాలి. నాలుగోది ఒక కళలో ఏడో వంతు, తీసివేయాలి. మిగిలినది 1041.3 కళలు, అంటే 17 అంశల 21 కళలు. నాలుగే నాలుగు పదాలతో, ఏ పట్టికా లేకుండా, నీడ నుండి ఊరి అక్షాంశం వచ్చింది. నీడ శంకువు కంటే పొడవైతే, లండనులో వలె, ఈ వరుస పనికిరాదు. అప్పుడు జ్య, కోటిజ్యల స్థానాలు తారుమారు చేసుకోవాలి. రెండింటిలో చిన్నదాన్నే జ్యగా తీసుకోమని కేరళ పండితులు ముందుగానే హెచ్చరించారు.

కోణం 45 అంశలైతే నిష్పత్తి ఒకటి. అప్పుడు ఈ వరుస వృత్త పరిధినే ఇస్తుంది. ఒకటిలో నుండి మూడో వంతు తీసి, అయిదో వంతు కలిపి, ఏడో వంతు తీసి, ఇలా పోతే పై విలువలో నాలుగో వంతు వస్తుంది. ఐరోపాలో ఈ ఫలితాలకు గ్రెగరీ, లైబ్‌నిట్జ్‌ల పేర్లు ఉన్నాయి. వారిది పదిహేడో శతాబ్ది. మాధవుని ఫలితాలకు ఉపపత్తులను పదహారో శతాబ్దిలో జ్యేష్ఠదేవుడు యుక్తిభాష అన్న గ్రంథంలో మలయాళ వచనంలో వివరించాడు. దేశభాషలో, అందులోనూ వచనంలో, ఇంత లోతైన గణితం చెప్పడం విశేషం. ఇంత చేసినా జ్యను కోటిజ్యతో భాగించగా వచ్చే ఆ నిష్పత్తికి మాధవుని సూత్రంలో విడిగా పేరు లేదు. పని అంతా చేసి, పేరు మాత్రం పెట్టుకోలేదు.

ఈ కేరళ గణితాన్ని ఆంగ్ల పాఠకులకు తెలియజేసిన వ్యక్తి చార్లెస్ విష్. ఆయన మలబారులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ తాళపత్ర గ్రంథాలు సేకరించాడు. ఆయన 1833లో కడపలో కన్నుమూశాడు. ఆయన వ్యాసం ఆ తరువాతే లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. తరువాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. మాధవుని పేరు ప్రపంచానికి మోసిన మనిషి చివరి మజిలీ మన రాయలసీమ కావడం తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి.

ఈ ఊరి పంచాంగానికి ఈ ఊరి నీడ

ఇదంతా పాత చరిత్రేనా? కాదు. ప్రతి ఉగాదికీ మన దేవాలయంలో వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. “ఇండియాలో పండుగ ఒక రోజు, ఇక్కడ మరొక రోజు ఎందుకు?” తిథి ముగిసే క్షణం భూమికంతటికీ ఒక్కటే. కానీ పండుగను నిర్ణయించేటప్పుడు చాలా సందర్భాలలో సూర్యోదయ వేళకు ఏ తిథి ఉందో చూస్తారు, సూర్యోదయం ఊరికొకటి. దాన్ని సవరించడానికి రెండు సంస్కారాలు కావాలి. తూర్పు పడమరల తేడాకు దేశాంతర సంస్కారం, ఉత్తర దక్షిణాల తేడాకు చర సంస్కారం. ఈ చరానికి మూలం పలభ.

గణేశ దైవజ్ఞుడు పదహారో శతాబ్దిలో రచించిన గ్రహలాఘవం జ్యల పట్టిక అక్కరలేకుండా పంచాంగం గుణించే మార్గం చెప్పిన గ్రంథం. అటువంటి కరణ గ్రంథాలలో ఒక సులభమైన సూత్రం ఉంది. ఊరి పలభను 10తో, 8తో, 10లో మూడో వంతుతో వేరువేరుగా గుణిస్తే మేష, వృషభ, మిథున రాశులకు చరఖండాలు విఘడియలలో వస్తాయి. విఘడియ అంటే 24 సెకన్లు. మూడింటినీ కూడితే పలభకు 21⅓ రెట్లు.

హైదరాబాదు పలభ 3¾ కాబట్టి మొత్తం చరం 80 విఘడియలు, అంటే 32 నిమిషాలు. మిథున రాశి చివర, జూన్ మూడో వారంలో, సూర్యుడు ఆరు గంటలకు 32 నిమిషాలు ముందే ఉదయించి, 32 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడని దీని అర్థం. ఈ ఆరు గంటలు సూర్యగతిని బట్టి లెక్కించే కాలం. మన చేతి గడియారం దానితో సరిపోలదు. పగలు 13 గంటల 4 నిమిషాలు. చికాగో పలభ 10.76 కాబట్టి చరం 230 విఘడియలు, అంటే 92 నిమిషాలు. పగలు 15 గంటల 4 నిమిషాలు. గాలి పొర కాంతిని వంచడం వల్ల, సూర్యబింబపు పై అంచును లెక్కలోకి తీసుకోవడం వల్ల కనిపించే పగలు ఇంకొన్ని నిమిషాలు ఎక్కువగా ఉంటుంది.

ఈ రెండు గంటల తేడా చిన్నది కాదు. రాహుకాలం అంటే పగటిలో ఎనిమిదో వంతు. తెలుగునాట దాన్ని గంటన్నర అనుకోవడం అలవాటు. పగలు పన్నెండు గంటలకు దగ్గరగా ఉండే చోట ఆ అలవాటు పెద్దగా తప్పదు. చికాగోలో జూన్‌లో రాహుకాలం గంటా యాభై నిమిషాలు దాటుతుంది. డిసెంబరులో గంటా పది నిమిషాలైనా ఉండదు. హైదరాబాదులో అచ్చయిన పంచాంగాన్ని ఇక్కడి గోడకు తగిలించి, అందులోని వేళలను ఉన్నవి ఉన్నట్లు పాటిస్తే, మనం పాటిస్తున్నది మన తలపై లేని సూర్యుణ్ణి. మన పూర్వులు చెప్పినది అది కాదు. దిక్కు, దేశం, కాలం అని మూడు ప్రశ్నలు వేసినవారు, ప్రతి ఊరూ తన నీడను తానే కొలుచుకోవాలని శాస్త్రం కట్టారు. ఇక్కడి అక్షాంశ రేఖాంశాలతో గుణించిన పంచాంగాన్ని వాడడం సంప్రదాయాన్ని సడలించడం కాదు, దాన్ని సరిగ్గా పాటించడమే.

ఇంటింటా చేయదగిన పని

రాబోయే విషువద్దినాన ఒక చిన్న పని చేయవచ్చు. పన్నెండు అంగుళాల కొలబద్ద గానీ, అంత పొడవున్న కర్ర గానీ పెరట్లో చదునైన చోట నిటారుగా నిలపండి. దారానికి బరువు కట్టి అది నిటారుగా ఉందో లేదో చూడండి. చికాగోలో మార్చిలో వేసవి గడియారం ప్రకారం సూర్యుడు మధ్యాహ్నరేఖకు వచ్చేది ఒంటి గంటకు కాస్త ముందు. పన్నెండున్నర నుండి ఒకటీ పావు వరకు అయిదు నిమిషాలకొకసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అన్నిటికంటే పొట్టి నీడను కొలవండి. పదీ ముప్పాతిక అంగుళాలకు దగ్గరగా వస్తే మీ కొలత సరైనది. దాన్ని 12తో భాగించి, కాల్కులేటరులో టాంజెంటు విలోమం మీట నొక్కమని పిల్లలకు చెప్పండి. తెర మీద 42కు కొంచెం తక్కువగా కనిపించే అంకె మీ ఊరి అక్షాంశం. అదే రోజు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తాతగారినీ అమ్మమ్మగారినీ వాళ్ళ డాబా మీద ఇదే కొలత తీయమని అడగండి. రెండు నీడల నుండి వచ్చిన రెండు అక్షాంశాల మధ్య తేడా, ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఉత్తర దక్షిణాలుగా ఉన్న దూరం. అంశకు సుమారు 111 కిలోమీటర్ల చొప్పున లెక్క కట్టవచ్చు.

“టాంజెంటును మనమే కనిపెట్టామా?” అన్న ప్రశ్నకు అప్పుడు పిల్లలకు ఇలా చెప్పవచ్చు: నీడను కొలిచి ఊరి చోటు చెప్పడం మనవాళ్ళు శాస్త్రంగా మలిచారు, ప్రతి కోణానికీ నీడ పట్టిక కట్టింది బాగ్దాదువారు, నేటి పేరు పెట్టింది డెన్మార్క్ పండితుడు, నీడ నుండి కోణానికి అనంతమైన వరుసతో దారి వేసింది కేరళ మాధవుడు. ఈ సమాధానంలో మన గౌరవానికి లోటు లేదు, ఇతరుల ఋణం ఎగవేసిందీ లేదు.